మహమ్మారి ఏళ్లలో ఒక రక్త క్యాన్సర్ విభాగం: మేము పొందిన సేవపై సమీక్ష

ఒక మహానగరంలోని పెద్ద ఆసుపత్రిలో ఉన్న రక్తవ్యాధుల విభాగం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మా నాన్నగారికి మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో పుట్టే ఒక రక్త క్యాన్సర్) ఉందని 2020 అక్టోబరులో తేలింది. అప్పటి నుంచి 2023 చివరి వరకు ఆయన వైద్యం యావత్తూ అక్కడే జరిగింది. ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో తప్పుపట్టవలసినవీ అన్నే ఉన్నాయి. పైగా ఏ ఊళ్లోనైనా ఇలాంటి విభాగానికి వెళ్లవలసి వచ్చినవారికి ఏమేమి గమనించుకోవాలో తెలియడమే ఎక్కువ ఉపయోగం అనుకుంటున్నాను.

ఆసుపత్రి మంచిదా కాదా అని అడిగితే మనం సాధారణంగా అక్కడికి చేరిన రోగిని ఎలా చూశారో చెబుతాం. నేనూ అది చెబుతాను. అయితే ఆ మూడేళ్లలో నాకు అర్థమైన సంగతి ఇంకొకటి ఉంది. మహమ్మారి నడుస్తున్నప్పుడు రక్త క్యాన్సర్ విభాగం దగ్గరికి రావలసినవారిలో చాలామంది రాలేదు. వారు రాకపోవడం వల్ల ఆసుపత్రి లెక్కల్లోనూ నగరం లెక్కల్లోనూ జబ్బు తగ్గినట్టు కనిపించింది. కాబట్టి గడప దాటి లోపలికి వచ్చినవారి విషయంతోపాటు, బయటే ఉండిపోయినవారిని ఆ విభాగం ఎంతవరకు వెతికి పట్టుకోగలిగిందన్నది కూడా నా దృష్టిలో దాని మంచిచెడ్డలకు కొలమానం. మా నాన్నగారు అలా వెతికి పట్టుకున్నవారిలో ఒకరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది 2020 మార్చి 11న. ఆ తర్వాత మూడు నెలలకు, జూన్‌లో, నాన్నగారికి నడుము నొప్పి మొదలైంది. ఆయనకు అప్పటికి 67 ఏళ్లు. మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరుగారు (ఈ ఆసుపత్రివారు కారు) క్లినిక్ మూసివేసి ఫోనులోనే సలహాలు చెబుతున్నారు. వయసు, ఇంట్లో కదలకుండా కూర్చోవడం, మంచం సరిగా లేకపోవడం అని కారణాలు చెప్పి నొప్పి మాత్రలు రాశారు. జూలైలో మోతాదు పెంచారు. ఆగస్టులో ఆయాసం, నీరసం మొదలయ్యాయి. వెంటనే కొవిడ్ పరీక్ష చేయించాం, నెగటివ్ వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ రోజుల్లో జ్వరం, ఆయాసం, నీరసం, బరువు తగ్గడం అన్నీ ఒకే జబ్బు వైపు చూపించేవి. అది కాదని తేలితే ఇంకేమీ లేనట్టే అనుకునేవాళ్లం. రక్త క్యాన్సర్లలో మిగతా రకాలైన లుకేమియాకూ లింఫోమాకూ కూడా ఇవే లక్షణాలని, మైలోమా అయితే నడుము నొప్పితోనూ రక్తహీనతతోనూ మొదలవుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. మైలోమా ఉన్నవారికి ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చన్న సంగతి ఆ తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. నాలుగు నెలల పాటు ఆ మాత్రలను వేళ తప్పకుండా నా చేతులతోనే ఇచ్చాను.

ఈ విభాగంతో మాకు పరిచయం ఏర్పడిన తీరు చెబితే దాని గొప్పతనం సగం చెప్పినట్టే. అక్టోబరు మొదటి వారంలో నీరసం బాగా ఎక్కువైందని, బయటికి వెళ్లే భయంతో, ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లే సేవకు ఫోన్ చేశాం. ఆ సేవ ఈ ఆసుపత్రి ల్యాబుదే. ఉదయం 7 గంటలకు పీపీఈ కిట్ వేసుకున్న ఒక కుర్రవాడు వచ్చి రెండు గొట్టాల రక్తం తీసుకువెళ్లాడు. అడిగింది సీబీసీ (రక్తకణాల లెక్క), మూత్రపిండాల పరీక్ష మాత్రమే. సాయంత్రం 6 గంటలకు రిపోర్టు ఫోనుకు వస్తుందని అన్నారు. రిపోర్టు రాకముందే 4 గంటలకు ల్యాబు నుంచి పాథాలజిస్టుగారే స్వయంగా ఫోన్ చేశారు. హిమోగ్లోబిన్ 8.1 ఉందని, మూత్రపిండాలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ 2.3 ఉందని, అంతకన్నా ముఖ్యంగా మైక్రోస్కోపు కింద స్లైడు చూసినప్పుడు ఎర్ర రక్తకణాలు నాణేల దొంతర్లలా ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉన్నాయని చెప్పి, నడుము నొప్పి ఏమైనా ఉందా అని అడిగారు. ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్లు చల్లబడింది. మేము నడుము నొప్పి సంగతి ఎక్కడా రాయలేదు.

రక్తంలో కొన్ని రకాల ప్రొటీన్ బాగా పెరిగినప్పుడు ఎర్రకణాలు అలా దొంతర్లు కడతాయి. అది ఒక్కటే మైలోమాకు రుజువు కాదు, వేరే వాపు జబ్బుల్లోనూ కనిపిస్తుంది. కానీ రక్తహీనత, క్రియాటినిన్, దొంతర్లు మూడూ కలిసి ఒకే మనిషిలో కనిపిస్తే ఆగకూడదని ఆవిడకు తెలుసు. మర్నాడు ఉదయానికి హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు) దగ్గర అపాయింట్‌మెంటు ఆవిడే పెట్టించారు. రక్తంలోని ప్రొటీన్‌ను చూసే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు, వెన్నెముక ఎమ్మారై, ఎముక మజ్జ పరీక్ష వరుసగా జరిగాయి. తొమ్మిదో రోజున జబ్బు పేరు చెప్పారు, పన్నెండో రోజున మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగు నెలలు ఫోనులో తెలియనిది రెండు గొట్టాల రక్తంతో తెలిసింది. సీబీసీ యంత్రం అంకెలు ఇస్తుంది. ఆ అంకెలు తేడాగా ఉన్నప్పుడు స్లైడు వేసి కంటితో చూసే మనిషి ఉన్నారా, చూసినవారు ఫోన్ తీసి మాట్లాడతారా అన్నది ల్యాబును బట్టి మారుతుంది. ఈ విభాగానికి నేను ఇచ్చే మార్కుల్లో పెద్ద భాగం ఈ ఒక్క అలవాటుకే.

2022 మొదట్లో ఆ విభాగంవారు రోగులను, కుటుంబసభ్యులను పిలిచి ఒక సమావేశం పెట్టారు. గోడమీద బొమ్మలతో తమ విభాగంలో ఏటా కొత్తగా తేలిన కేసుల సంఖ్య చూపించారు. 2019 కన్నా 2020లో గీత కిందికి దిగింది, 2021లో మళ్లీ పైకి లేచింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఇంట్లో ఉండటం వల్ల, గాలి శుభ్రపడటం వల్ల క్యాన్సర్లు తగ్గాయన్నమాట అన్నారు. వెనక వరుసలో ఒక తల్లి, మరి 2021లో పెరగడానికి టీకాలా కారణం అని భయంగా అడిగింది. ఒకే గీతను చూసి ఇద్దరూ రెండు పొరపాటు అర్థాలు తీసుకున్నారు. వారిని తప్పుపట్టలేం, ఆ బొమ్మ కింద ఇది ఏ లెక్క అన్న వివరణ ఒక్క వాక్యం కూడా లేదు. ఈ విభాగం విషయంలో నా మొదటి అసంతృప్తి ఇదే. ఆ తర్వాత వేదికమీదికి వచ్చిన సీనియర్ డాక్టరుగారు అరగంట సేపు ఓపికగా విడమరిచి చెప్పారు కాబట్టి సరిపోయింది. ఆయన చెప్పినవాటిలో నేను రాసుకున్నవి, ఆ తర్వాత చదివి సరిచూసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తాను. రక్త క్యాన్సర్ రేట్ల గురించి నగరంలో తిరిగే మాటల్లో ఎక్కువ భాగం ఈ అరగంటలో సర్దుకుంటాయి.

ఒక జబ్బు రేటు అంటే ఒక ప్రాంతంలో స్థిరంగా నివసించే లక్షమందిలో ఏడాదికి ఎందరికి కొత్తగా తేలింది అన్న లెక్క. దాన్ని జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీలు తయారు చేస్తాయి. అవి ఆ ప్రాంత నివాసులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటాయి. ఆసుపత్రి గోడమీది గీత అలాంటిది కాదు. మహానగరంలోని పెద్ద ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది నగరం బయటివారు. రవాణా ఆగిపోగానే వారి రాక ఆగిపోతుంది. అప్పుడు నగరవాసుల్లో జబ్బు రేటు ఇసుమంత కూడా మారకపోయినా ఆసుపత్రి సంఖ్య పడిపోతుంది. ఇంకొకవైపు నగరంలో పనిచేసుకునేవారు సొంతూళ్లకు వెళ్లిపోతే లెక్కకు పునాది అయిన జనాభాయే మారిపోతుంది. అలా వెళ్లినవారిలో ఒకరికి అక్కడ జబ్బు తేలితే ఆ కేసు ఏ ఊరి ఖాతాలోకి వెళ్లాలన్నది తేల్చడానికి రిజిస్ట్రీవారికి నెలలు పడుతుంది.

నివాసుల లెక్కలోనూ 2020లో తగ్గుదల కనిపించిన చోట్ల, ఆ తగ్గుదల అన్ని రక్త క్యాన్సర్లలో ఒకేలా ఉండదన్నది డాక్టరుగారు నొక్కి చెప్పిన విషయం. సీఎల్ఎల్ అనే నిదానమైన లుకేమియా ఎక్కువమందిలో వేరే పని మీద చేయించిన రక్తపరీక్షలో అనుకోకుండా బయటపడుతుంది. కంటి ఆపరేషనుకు ముందు, ఉద్యోగంలో చేరేముందు, ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో. సీఎంఎల్ అనే మరో లుకేమియా కూడా సుమారు సగం మందిలో అలాగే తెలుస్తుంది. ఆపరేషన్లు, చెకప్‌లు ఆగిపోయిన నెలల్లో ఈ కేసులు తేలడం ఆగిపోవడంలో వింత లేదు. వేగంగా ముదిరే అక్యూట్ లుకేమియా అలా దాగి ఉండదు. కొన్ని వారాల్లోనే మనిషిని జ్వరం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్‌తో అత్యవసర విభాగానికి చేరుస్తుంది, లేదా అక్కడికి చేరకుండానే ప్రాణం తీస్తుంది. అలా కొవిడ్ అనుమానంతోనే చనిపోయి, రక్తపరీక్ష జరగని మనిషి ఏ క్యాన్సర్ లెక్కలోకీ రాడు. మైలోమా, నిదానమైన లింఫోమాలు ఈ రెండింటికీ మధ్య ఉంటాయి. ఆలస్యంగానైనా లెక్కలోకి వస్తాయి, కానీ విరిగిన ఎముకతోనో పాడైన మూత్రపిండంతోనో వస్తాయి. ఏడాది మొత్తం మీద చూస్తే మా నాన్నగారు 2020 లెక్కలోనే ఉన్నారు. జూన్‌లో తేలవలసినది అక్టోబరులో తేలిందన్న సంగతి ఏ గీతలోనూ కనిపించదు.

ఇంగ్లండులో 2020 ఏప్రిల్‌లో క్యాన్సర్ అనుమానంతో వెంటనే చూడమని కుటుంబ వైద్యులు పంపించే రోగుల సంఖ్య అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే సుమారు 60 శాతం పడిపోయింది. ఒక్క నెలలో జబ్బు అంత తగ్గదు. అమెరికాలో క్యాన్సర్ ధోరణులను లెక్కకట్టేవారు 2020 సంవత్సరాన్ని గీత నుంచి పక్కన పెట్టి లెక్క చేశారు. ఇక ప్రపంచ గణాంకాలుగా అందరూ చెప్పుకునే గ్లోబొకాన్ 2020లో లింఫోమాలు (హాజ్‌కిన్, నాన్ హాజ్‌కిన్ రెండూ), లుకేమియా, మైలోమా కలిపితే సుమారు 12.8 లక్షల కొత్త కేసులు కనిపిస్తాయి. అన్ని క్యాన్సర్లూ కలిపి 1.93 కోట్లు. కానీ ఆ సంఖ్యలు అంతకు ముందు సంవత్సరాల ధోరణుల నుంచి కట్టిన అంచనాలు. మహమ్మారి ప్రభావం వాటిలో లేదు. ఆ పేరులోని 2020ని చూసి మహమ్మారి ఏడాదిలో తలలు లెక్కపెట్టిన సంఖ్య అని పొరబడేవారు చాలామంది ఉన్నారు, నేను కూడా మొదట అలాగే అనుకున్నాను.

ఆ ప్రపంచ అంచనాను అలాగే ఒక కోటి జనాభా ఉన్న నగరానికి అన్వయిస్తే ఏడాదికి సుమారు 1,600 మందికి ఏదో ఒక రక్త క్యాన్సర్ కొత్తగా తేలాలి. వయసు పైబడినవారు ఎందరున్నారన్న దాన్ని బట్టి నగరానికీ నగరానికీ ఈ సంఖ్య మారుతుంది. అయినా ఒక ఊహకు, పదిమందిలో ఒకరు ఆ ఏడాది తేలకుండా మిగిలిపోయారనుకుంటే 160 మంది తమకు ఏ జబ్బు ఉందో తెలియకుండా ఇళ్లలో ఉన్నారన్నమాట. శాతాల్లో చిన్నదిగా కనిపించే ఆ తేడా, మా ఇంటి అనుభవం తర్వాత, నాకు 160 ఇళ్లలా కనిపిస్తుంది.

వైరస్సే రక్త క్యాన్సర్ తెస్తుందా అన్న ప్రశ్నకు ఆ విభాగం ఇచ్చిన జవాబు కూడా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇలాంటి ప్రశ్నలను కొట్టిపారేసే డాక్టర్లనూ, లేనిపోని భయం పుట్టించేవారినీ ఇద్దరినీ చూశాను. ఆ తల్లి ప్రశ్నకు పిల్లల రక్తవ్యాధులు చూసే డాక్టరుగారు లేచి సమాధానం చెప్పారు. చిన్నపిల్లల్లో ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య వచ్చే ఏఎల్ఎల్ అనే అక్యూట్ లుకేమియా విషయంలో బ్రిటన్ శాస్త్రవేత్త మెల్ గ్రీవ్స్ దశాబ్దాలుగా ఒక వాదం వినిపిస్తున్నారు. మొదటి జన్యుమార్పు చాలామంది పిల్లల్లో గర్భంలోనే జరుగుతుందని, వారిలో అతి కొద్దిమందికే జబ్బు వస్తుందని, పసితనంలో మామూలు ఇన్ఫెక్షన్లకు గురికాని పిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ సరిగా తర్ఫీదు పొందక, ఆ తర్వాత ఆలస్యంగా తగిలిన ఇన్ఫెక్షన్ రెండో మార్పుకు దారితీయవచ్చని ఆ వాదం. నగరాల నుంచే దీనికి రెండు ఉదాహరణలు ఉన్నాయి. 2003లో హాంకాంగ్‌లో సార్స్ వచ్చి బడులు మూసి, అందరూ మాస్కులు వేసుకుని దూరం పాటించిన తర్వాత వచ్చిన ఏడాదిలో పిల్లల ఏఎల్ఎల్ కేసులు తగ్గాయి. 2009లో మిలాన్ నగరంలో స్వైన్ ఫ్లూ వచ్చి వెళ్లాక కొద్ది నెలలకు, నాలుగు వారాల వ్యవధిలో ఏడుగురు పిల్లలకు ఏఎల్ఎల్ తేలింది. వారిలో ముగ్గురు ఒకే బడిలో చదువుతున్నారు.

ఆ రెండూ చెప్పిన వెంటనే ఆవిడ, ఏడుగురు అన్నది చాలా చిన్న సంఖ్య అని, అరుదైన జబ్బుల్లో ఒకచోట కొన్ని కేసులు గుమికూడటం కేవలం యాదృచ్ఛికంగా కూడా జరుగుతుందని, కాబట్టి ఒక ఏడాది గీత చూసి కారణం నిర్ణయించకూడదని వివరించారు. ఫ్లూ వచ్చిన లక్షల పిల్లల్లో లుకేమియా వచ్చినవారు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమందే అని కూడా చెప్పారు. 2021లో గీత పైకి లేవడానికి ముందు ఏడాది ఆగిపోయిన పరీక్షలు మళ్లీ మొదలుకావడమే సరిపడే వివరణ అని చెప్పి, టీకా తర్వాత చంకలో గడ్డలు కొద్దివారాలు వాచడం మామూలేనని, ఆ వాపు స్కానులో లింఫోమాలా కనిపించి కొందరిని కంగారు పెట్టిందని కలిపి చెప్పారు. ఆ తల్లి మళ్లీ ప్రశ్న వేయలేదు. సమావేశం అయ్యాక ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుని మాట్లాడుతుండగా చూశాను. ఇంత స్పష్టంగా మాట్లాడగలిగిన విభాగం ఆ బొమ్మ కింద రెండు వాక్యాలు రాసి ఉంటే సగం భయాలు పుట్టేవే కావు.

ఇక, ఇంజెక్షన్ ఇచ్చి అదే రోజు ఇంటికి పంపే డే కేర్ గురించి. మైలోమాకు వారానికి ఒకసారి పొట్ట చర్మం కింద బోర్టెజోమిబ్ ఇంజెక్షన్, ఇంట్లో వేసుకునే లెనలిడొమైడ్, డెక్సామెథాసోన్ మాత్రలు నాన్నగారి వైద్యం. మహమ్మారికి ముందు డే కేర్‌లో కుర్చీలు పక్కపక్కనే ఉండేవట. మేము చేరేసరికి మధ్యలో కుర్చీ తీసివేసి, సమయం ప్రకారం పిలిచేవారు. ఇంజెక్షన్‌కు ముందురోజు ఇంటికే వచ్చి రక్తం తీసుకునేవారు, రక్తకణాల కౌంటు సరిగా ఉందని చూశాకే రమ్మనేవారు. దానివల్ల వెళ్లి, కౌంటు పడిపోయిందని వెనక్కి తిరిగివచ్చే అవస్థ తప్పింది. ఆసుపత్రిలో ఉన్న సమయం సగటున నలభై నిమిషాలకు మించలేదు. ఇంజెక్షన్ ఇచ్చే సిస్టర్లు ప్రతిసారీ కాళ్లలో తిమ్మిరి ఉందా అని అడిగేవారు, ఎందుకంటే ఆ మందు నరాలను దెబ్బతీస్తుంది. ఒకసారి నాన్నగారు మొహమాటపడి లేదన్నా, ఆయన చెప్పులు తొడుక్కునే తీరు గమనించి డాక్టరుకు చెప్పి మోతాదు తగ్గింపించారు. ఈ సిస్టర్లకు ఎంత చెప్పినా తక్కువే.

ఆ జాగ్రత్త ఎందుకు ప్రాణప్రదమో అప్పుడు వస్తున్న సంఖ్యలు చెబుతున్నాయి. రక్త క్యాన్సర్ ఉన్న 3,377 మంది కొవిడ్ రోగుల వివరాలను కలిపి 2020లో విశ్లేషిస్తే పెద్దవారిలో 34 శాతం మంది చనిపోయారని తేలింది. వారిలో ఎక్కువమంది ఆసుపత్రిలో చేరినవారే కాబట్టి అది ఇళ్లలో తగ్గిపోయినవారిని కలుపుకున్న లెక్క కాదు, అయినా భయపెట్టే సంఖ్యే. టీకాలు వచ్చాక కూడా వీరికి అందరితో సమానమైన రక్షణ దొరకలేదు. 2021లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక అధ్యయనంలో ఫైజర్ టీకా రెండు డోసులు తీసుకున్న 167 మంది సీఎల్ఎల్ రోగుల్లో 39.5 శాతం మందికే యాంటీబాడీలు తయారయ్యాయి. లింఫోమా, సీఎల్ఎల్‌లకు ఇచ్చే రిటుక్సిమాబ్ లాంటి మందులు తీసుకున్నవారిలో ఆ మందు ఆపిన తర్వాత ఆరు నెలలు, ఏడాది వరకు టీకాకు స్పందన చాలా తక్కువ. కాబట్టి నగరం మాస్కులు తీసివేసిన తర్వాత కూడా ఈ విభాగం తన ద్వారం దగ్గర మాస్కు తప్పనిసరి అన్న నియమాన్ని కొనసాగించింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించాక చాలామంది సందర్శకులు దానిమీద గొడవపడేవారు. సెక్యూరిటీ ఉద్యోగులు గొంతు పెంచకుండా, లోపల కౌంటు లేనివారు ఉన్నారండీ అని ఒకే మాట చెప్పేవారు. ఆ మాట వాళ్లకు నేర్పినవారెవరో గానీ సరైన మాట నేర్పారు.

టీకా విషయంలో మాకు ఒక చిక్కు ఎదురైంది. కుటుంబసభ్యులందరం ముందు వేయించుకుంటే రోగికి రక్షణ అన్న సలహా ఇచ్చినవారే, నాన్నగారి డోసు ఏ వారంలో వేయాలన్న దానిమీద ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారు. డెక్సామెథాసోన్ లేని వారం అని ఒకరు, ఎప్పుడైనా ఫరవాలేదని ఒకరు, చికిత్స పూర్తయ్యాక అని మరొకరు. ఒకే విభాగంలో ఒకే మాట ఉండాలి. అది మామూలు రోజుల్లో చిన్న విషయమైనా అప్పుడు మాకు రెండు వారాల నిద్ర పోగొట్టింది.

ఎముక మజ్జ మార్పిడి విషయానికి వస్తే, మైలోమాలో రోగి సొంత మూలకణాలనే తీసి, పెద్ద మోతాదు కీమో ఇచ్చి తిరిగి ఎక్కిస్తారు. దాన్ని 2021 వేసవి నుంచి రెండుసార్లు వాయిదా వేశారు. మొదట కోపం వచ్చింది. మూలకణాలను మాత్రం అనుకున్న సమయానికే సేకరించి గడ్డకట్టించి దాచారు, అప్పటివరకు మందులతోనే జబ్బును అదుపులో ఉంచారు; మార్పిడి తర్వాత తెల్లకణాలు దాదాపు సున్నాకు పడిపోయే ఆ రెండు వారాలు వార్డుల నిండా కొవిడ్ ఉన్నప్పుడు గడపకూడదన్న వారి నిర్ణయం సరైనదని ఇప్పుడు అనుకుంటున్నాను. వాయిదా సంగతి మొదటిసారి ఎస్సెమ్మెస్‌లో తెలిపారు, అది తప్పు. ఇతరుల నుంచి కణాలు తీసుకునేవారి కష్టం ఇంకా పెద్దది. అంతకు ముందు దాతల కణాలను చాలావరకు తాజాగానే తెచ్చి ఎక్కించేవారు. 2020 మార్చి చివరి నుంచి విమానాలు, సరిహద్దులు నమ్మడానికి లేక, కణాలు చేతికి అంది, గడ్డకట్టించి దాచాకే రోగికి కీమో మొదలుపెట్టే పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా మారవలసి వచ్చింది.

రక్తనిధి ఈ ఆసుపత్రి బలహీనత. ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, 20 నుంచి 24 డిగ్రీల మధ్య కదుపుతూనే ఉంచాలి. ఎర్రకణాల్లా ఆరు వారాలు దాచుకునే వీలు లేదు. కళాశాలలు, కార్యాలయాలు మూతపడితే రక్తదాన శిబిరాలు ఉండవు, ఐదో రోజుకల్లా అల్మారా ఖాళీ. అమెరికన్ రెడ్‌క్రాస్ అంతటి సంస్థే 2022 జనవరిలో తన చరిత్రలో మొదటిసారిగా జాతీయ రక్త సంక్షోభం ప్రకటించింది కాబట్టి కొరత ఒక్కచోటిది కాదని తెలుసు. అయినా మార్పిడి సమయంలో నాన్నగారికి ప్లేట్‌లెట్లు కావలసి వచ్చిన రెండు రాత్రులూ, దాతలను మీరే వెతుక్కోండి అని ఒక కాగితం చేతికిచ్చారు. ఏ గ్రూపు, ఎందరు, ఎన్ని గంటల్లోపు, దాతకు ఉండవలసిన అర్హతలు ఏమిటి అన్న వివరాలు ఆ కాగితంలో లేవు. మొదటి రాత్రి పరిగెత్తుకుంటూ వచ్చిన నలుగురిలో ముగ్గురిని ఈమధ్యనే కొవిడ్ వచ్చిందనో, మందులు వాడుతున్నారనో వెనక్కి పంపారు. అంతకుముందే దాతల జాబితా తయారు చేసుకోమని వారం ముందు చెప్పి ఉంటే సరిపోయేది. మార్పిడి తేదీ వారికి తెలుసు, ప్లేట్‌లెట్లు ఏ రోజుల్లో పడిపోతాయో కూడా వారికి తెలుసు.

వీడియో కన్సల్టేషన్ సగం మంచిది. జబ్బు అదుపులో ఉండి, రక్తపరీక్ష ఫలితాలు చేతిలో ఉండి, మందు కొనసాగించాలా అని అడగడానికి అది చక్కగా సరిపోతుంది; సీఎంఎల్‌కు రోజూ మాత్ర వేసుకునేవారు రెండేళ్లపాటు దాదాపు ఇంట్లో ఉండే వైద్యం నడుపుకున్నారు. కొత్తగా వచ్చిన లక్షణానికి మాత్రం అది పనికిరాదు. మెడలో గడ్డను, ప్లీహం పెరిగిన పొట్టను, వెన్నెముకమీద ఎక్కడ నొక్కితే నొప్పో తెరమీద తెలుసుకోలేరు. ఈ విభాగంలో కొత్త లక్షణం అని నమోదు చేస్తే వీడియో అపాయింట్‌మెంటు ఇవ్వకుండా, ముందు రక్తపరీక్ష, ఆపైన నేరుగా రమ్మనడం అన్న నియమం 2021 నుంచి పెట్టారు. ఆ నియమం 2020 జూన్‌లో మేము ఫోన్ చేసిన ఆ మొదటి క్లినిక్‌లో ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నా అతిపెద్ద ఫిర్యాదు రానివారి విషయంలోనే. ల్యాబు ఫోన్ చేసే అలవాటు అద్భుతమైనది, కానీ అది ఆ రోజు ల్యాబులో ఉన్న పాథాలజిస్టు మీద ఆధారపడి ఉంది. 2022లో మా పొరుగింటివారికి ఇదే ల్యాబులో తెల్లకణాల సంఖ్య బాగా ఎక్కువగా వస్తే ఎవరూ ఫోన్ చేయలేదు. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో వచ్చింది, వారు దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని వదిలేశారు, మూడు నెలల తర్వాత నేను చూసి బలవంతాన తీసుకువెళ్తే సీఎల్ఎల్ అని తేలింది. అదృష్టవశాత్తు అది వెంటనే చికిత్స అక్కరలేని దశలోనే ఉంది. అదే అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అయి ఉంటే, స్లైడులో అనుమానం కలిగిన గంటలోనే, జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా మాత్ర మొదలుపెట్టవలసిన జబ్బు అది. మొదటి రోజుల్లో రక్తస్రావంతోనే మనిషి పోవచ్చు, ఆ రోజులు దాటితే నయమయ్యే అవకాశాలు లుకేమియాలన్నింటిలోకీ అత్యుత్తమం. ఒక మనిషి మంచితనంగా ఉన్నదాన్ని విభాగం నియమంగా మార్చలేదు. అలాగే 2020లో మధ్యలో రావడం మానేసిన పాత రోగులకు ఫోన్లు చేశారు గానీ, అనుమానంతో ఒకసారి వచ్చి ఎముక మజ్జ పరీక్షకు తేదీ తీసుకుని తిరిగి రానివారి జాబితా ఎవరి దగ్గరా లేదని ఓపీ కౌంటరులో అడిగినప్పుడు తెలిసింది. గీతలో తగ్గిన కేసులు కొన్ని ఆ కౌంటరులో తేదీలు రాసే పుస్తకంలోనే, ఎవరూ విడిగా తీయని పేర్లుగా ఉండి ఉంటాయి.

నాన్నగారు 2022 ఫిబ్రవరిలో మార్పిడి చేయించుకున్నారు. ఇప్పుడు నిలకడ చికిత్సగా లెనలిడొమైడ్ తక్కువ మోతాదులో వేసుకుంటున్నారు, రక్తం గడ్డకట్టకుండా దానితోపాటు ఆస్పిరిన్. మూత్రపిండాలు పూర్తిగా పూర్వస్థితికి రాలేదు, క్రియాటినిన్ 1.5 దగ్గర నిలిచింది. ఆలస్యం మిగిల్చినది అదే.

వైద్యానికి ఐదుకు ఐదు, సిస్టర్లకు ఐదుకు ఐదు, ఇంటికి వచ్చే ల్యాబు సేవకు నాలుగు, రక్తనిధికి రెండు, సమాచారం చెప్పే పద్ధతికి మూడు ఇస్తాను. ఈ విభాగానికి వెళ్లేవారు రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి, పాత సీబీసీలు ఉంటే తప్పక తీసుకువెళ్లండి. రెండేళ్ల క్రితం హిమోగ్లోబిన్ ఎంత ఉందన్నది వారు మొదట అడుగుతారు. మార్పిడి తేదీ ఇవ్వగానే ప్లేట్‌లెట్ దాతల గురించి మీరే అడగండి. రిపోర్టులో హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లలో ఏవైనా రెండు తేడాగా కనిపిస్తే ల్యాబుకు ఫోన్ చేసి, స్లైడు చూశారా అని అడగండి. చూడకపోతే చూడమని అడిగితే చూస్తారు, అదే నమూనాతో చూస్తారు, మళ్లీ రక్తం ఇవ్వనక్కరలేదు. సాయంత్రం 6 దాటితే ఆ ఫోను ఆసుపత్రి ప్రధాన కౌంటరుకు వెళుతుంది, అక్కడివారికి ఏమీ తెలియదు కాబట్టి మధ్యాహ్నం లోపే చేయండి.